కుండలో ఒక ముద్ద

నాకు కుదురు తక్కువ. కాళ్ళకు చక్రాలు కట్టుకొని పుట్టిందని మా అమ్మ ఉన్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవక ముందే వంటింట్లోకి పోయి గిన్నెల మీది మూతలు ఎత్తి చూస్తాను. ఏం మిగిలింది, చాలుతుందా, చెడిందా, కొత్తగా ఏం చేయాలి? నా సాయంత్రాలన్నీ వీటితోనే గడుస్తాయి. ఎండాకాలమైతే మరీను. పొద్దున చేసిన కూర సాయంత్రానికి నురగ కడుతుంది. పారేయాలంటే మనసు రాదు, తినాలంటే భయం.

ప్రొద్దుటూరులో మేముండేది మేడ మీద పోర్షను. కింద ఇంటివాళ్ళు, పైన మేము, మా పైన సిమెంటు స్లాబు, దాని పైన సూర్యుడు. పొద్దు మునిగిన రెండు గంటల తర్వాత కూడా గోడకు వీపు ఆనించలేం. మా ఆయనకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. వారానికి ఒకసారి వస్తాడు, నిద్రపోతాడు, పోతాడు. కూతురు సెలవులకు పులివెందులలో మేనత్త ఇంటికి చేరుతుంది. ఆ రెండు నెలలూ ఇంట్లో మిగిలేది నేనూ మా అత్తా.

అత్తది సింహాద్రిపురం దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. గొర్రెలు మేపిన ఇల్లు. ఇప్పుడు మంద లేదు, పెద్ద కొడుకు చీనీ పండ్ల తోట చూసుకుంటున్నాడు. సగం జీవితం గొర్రెల వెంట నడిచిన మనిషి గనక తిండి విషయంలో ఆమెకు ఒకటే చట్టం. ఎండాకాలంలో పొయ్యి వెలిగించేది రోజుకు ఒక్కసారే, అదీ పొద్దెక్కక ముందు. రాత్రికి తినేది మిగిలిన కూడే, ఆమె మాటలో సద్ది. అందుకోసం ఆమె దగ్గర ఒక మట్టి కుండ ఉంది. పులివెందుల బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది. మిగిలిన అన్నమైనా సంగటైనా అందులో వేసి, నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ కడుతుంది. మర్నాటికి ఆ నీళ్ళు పుల్లబడతాయి. ఆమె వాటిని కలి అంటుంది. రాత్రి ఆ అన్నం పిండుకొని, కలో మజ్జిగో పోసుకొని, ఉప్పేసి పిసికి, ఎర్రగడ్డ ఒకటి నేల మీద పెట్టి గుప్పిటితో చితగ్గొడుతుంది. పక్కన చెనక్కాయల ఊరుబిండి ఉందంటే ఇక ఆమె ఎవరి మాటా వినిపించుకోదు.

ఆ కుండను ఎండాకాలం మొత్తం ఒక్కసారి కూడా పూర్తిగా ఖాళీ చేయదు. అడుగున ఒక ముద్ద, కొంచెం పాత నీళ్ళు ఉంచుకొనే కొత్తవి పోస్తుంది. పాతది ఉంటేనే కొత్తది పులుస్తుంది, అది ఒక కారణం. ఇంకోటి, కుండ వట్టిగా పండుకోకూడదట. పొద్దున్నే ఎవరు ఏ ఆకలితో వస్తారో తెలియదట.

నేను పుట్టింది జమ్మలమడుగులో, పూజారి ఇంట్లో. మా నాయన తెల్లవారుజామున గుళ్ళో అర్చన చేసి, పగలు బడిలో పాఠాలు చెప్పేవాడు. మా ఇంట్లో అన్నం రాత్రి దాటితే అది ఇక అన్నం కాదు. మిగిలింది ఆవుకు పెట్టి, గిన్నెలన్నీ తోమి బోర్లించి గానీ అమ్మ నడుం వాల్చేది కాదు. ఒక ఇంట్లో కుండ బోర్లించందే పడుకోరు, ఇంకో ఇంట్లో కుండను వట్టిగా పడుకోనివ్వరు. పన్నెండేళ్ళ కిందట నేను మొదటి ఇంట్లోంచి రెండో ఇంట్లోకి వచ్చేశాను. ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను. అప్పటికే అమ్మ లేదు.

నాయన రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. కూతురు పుట్టాక ఒకసారి వచ్చి చూసి, అప్పటి నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి పోయేవాడు. వస్తే పాలు తాగుతాడు, పండు తింటాడు, బొరుగులు పెడితే నాలుగు నోట్లో వేసుకుంటాడు. ఉడికిన అన్నం మాత్రం ముట్టడు. అది ఆయన నియమం. నాకేం పట్టింపు లేదని మా ఆయనతో వందసార్లు చెప్పి ఉంటాను. ఆ వందసార్లూ అబద్ధమే. మా నాయన నా ఇంట్లో ఒక్క పూట అన్నం తినాలి. అది నాకు ఎంత కావాలో నాకు తెలుసు.

ఈ ఏడాది ఎండాకాలంలో ఆయన కంటికి ఆపరేషన్ వచ్చింది. రెండు కళ్ళలోనూ పొర. మొదట ఒకటి, నెల పోయాక రెండోది చేద్దామని మా ప్రొద్దుటూరు ఆస్పత్రిలో అన్నారు. ఆయన ఉండేది మా అన్న దగ్గర. సరిగ్గా అప్పుడే వదినకు కాన్పు రోజులు. ఇల్లంతా హడావుడిగా ఉంది, పది రోజులు నీ దగ్గర ఉంచుకోమని అన్న ఫోన్ చేశాడు. వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి సెగ, పొగ తగలకూడదు అని డాక్టరు చెప్పాడట. అంటే తన వంట తాను చేసుకునే దారి కూడా లేదు. ఈసారి చిక్కాడు అనుకున్నాను. తండ్రి కన్ను గురించి దిగులు పడాల్సిన మనిషిని, నాకు మొదట వచ్చిన ఆలోచన అదీ.

కంటికి పచ్చ గుడ్డ, చేతిలో ఇత్తడి చెంబు, సంచిలో బొరుగుల పొట్లంతో నాయన మెట్లెక్కి వచ్చాడు. నేను ముందురోజే కొత్త స్టీలు గిన్నెలు కొని పెట్టాను. ఆయన కోసం వేరే పొయ్యి. వంటింట్లో ఒక మూల ఎర్రగడ్డ, తెల్లగడ్డ వాసన లేకుండా కడిగి తుడిచాను. ఆఫీసు నుంచి వస్తూనే తల మీద రెండు చెంబులు పోసుకొని, తడి చీరతో పొయ్యి ముందు నిలబడేదాన్ని. బయట ఎండ, లోపల సెగ, మధ్యలో నేను. అమ్మ చేసినట్టే కందిపప్పు, ఇంగువ వేసిన చారు, అల్లం పెట్టిన వంకాయ కూర, కొబ్బరి పచ్చడి, అన్నం మీదికి కాచిన నెయ్యి. ఆకు వేసి, నీళ్ళు చల్లి, వడ్డించి, పక్కన నిలబడేదాన్ని.

ఆయన ఒంటి కన్నుతో ఆకు వైపు చూసేవాడు, తర్వాత నా వైపు చూసేవాడు. కడుపు నిండుగా ఉందమ్మా అనేవాడు. రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు పాలు. అంతే.

మొదటి రోజు సర్దుకున్నాను. రెండో రోజు ఇంకో కూర ఎక్కువ చేశాను. మూడో రోజు అమ్మ పండగలకు మాత్రమే చేసే పెసరపప్పు పాయసం చేశాను. నాలుగో రోజు పులిహోర కలిపాను. పులిహోర వద్దనేవాడు భూమ్మీద ఉంటాడా అని నా ధీమా. ఉన్నాడు. నా ఎదురుగానే, పీట మీద కూర్చొని ఉన్నాడు.

ఇంత వంటా ఎక్కడికి పోతుంది? అత్త దగ్గరికి. నేను చేసింది ఏదీ ఆమె పారేయనివ్వలేదు. మొదటి రోజు పప్పులో మర్నాడు చింతపండు పులుసు పోసి పప్పుచారు చేసింది. ఇంకా మిగిలితే అందులో జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టింది. వంకాయ కూరను పచ్చిమిరపకాయలతో రోట్లో వేసి నూరి పచ్చడి చేసింది. అన్నమంతా కుండలోకి పోయింది. ఆ వారం మా ఇంట్లో వేడి వేడి భోజనం తిన్నవాళ్ళు ఎవరూ లేరు. వండేది ఒకరికి, తినేది ఇంకొకరు, అదీ మర్నాడు. అత్తకు నవ్వు వచ్చేది, నాకు ఏడుపు వచ్చేది. నువ్వు వండేది సామికి కాదులే పాపా, నా కుండకు, అని ఒకరోజు ఎత్తిపొడిచింది. ఆమె మా నాయనను సామీ అనేది. ఇంటికి వచ్చిన పూజారిని వాళ్ళ ఊళ్ళో అలాగే పిలుస్తారు.

ఐదో రోజు నాయన పీట మీది నుంచి లేస్తూ గోడ పట్టుకున్నాడు. కళ్ళు తిరిగాయన్న మాట దాచి, కాలు తిమ్మిరెక్కిందన్నాడు. ఆ ఎండలో పాలూ పండ్లతో ఎన్నాళ్ళు నిలబడతాడు? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు ఆఫీసులో ఒకరి కాగితం ఇంకొకరి ఫైలులో పెట్టాను. ఆయనకు ఏమన్నా అయితే అన్నకు ఏం చెప్పాలి? చెల్లెలు అన్నం పెట్టలేదంటారా, నాయన తినలేదంటారా? ఇదే ఆలోచన లోపల గానుగ తిరిగినట్టు తిరిగింది.

అయితే ఆరో రోజు నుంచి నాయన ముఖం కొంచెం తేటపడింది. గోడ పట్టుకోవడం పోయింది. సాయంత్రం నేను వడ్డిస్తే మాత్రం అదే మాట, కడుపు నిండుగా ఉందమ్మా.

ఎనిమిదో రోజు ఆఫీసులో కరెంటు పోయింది. కంప్యూటర్లు ఆగిపోతే చేసేదేమీ లేక మధ్యాహ్నం ఇంటికి బయలుదేరాను. మా తలుపుకు అత్త తడిపిన గోనెపట్ట వేలాడదీసి ఉంది. మెట్లెక్కి, దాన్ని పక్కకు తీయబోయి ఆగాను. లోపల మాటలు వినిపిస్తున్నాయి, పట్ట సందులోంచి చూశాను.

అత్త వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చొని సద్ది తింటోంది. కొంచెం దూరంలో నాయన, ఆయనా నేల మీదే. చేతిలో తన ఇత్తడి చెంబు. అత్త చేయి కడుక్కొని కుండ వంచి, చెంబుకు తగలకుండా పైనుంచి కలి పోసింది. కలితో పాటు మెత్తని మెతుకులు. నాయన చెంబు ఎత్తి గడగడా తాగాడు. కింద పెట్టి, ఉప్పు కొంచెం చాల్లేదన్నాడు. అత్త ఉప్పు వేసింది. ఆయన మళ్ళీ చెంబు ముందుకు చాపాడు.

"తాగన్నా, శానా ఉండాది," అంది అత్త. సామి ఎప్పుడు అన్న అయ్యాడో నాకు తెలియదు.

నేను లోపలికి పోలేదు. చప్పుడు కాకుండా మెట్లు దిగి మళ్ళీ ఆఫీసుకు నడిచాను. నడినెత్తిన ఎండ, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది, నాకు అదేమీ తెలియలేదు. సంతోషపడాల్సిన మాటే కదా. నాయన తింటున్నాడు, నా ఇంట్లోనే తింటున్నాడు. కానీ నాకు అసూయ పుట్టింది. ఒళ్ళు మండింది. గొర్రెల కాపరి ఇంటి కుండలో పులిసిన కూడు, అదీ నిన్నటిది, గొంతు దిగుతోంది. మడి కట్టుకొని అప్పటికప్పుడు వండిన నా అన్నం దిగదు. అంటే పట్టింపు కులం మీద కాదు, నియమం మీద కాదు, నా మీద.

ఒక రోజు బిగబట్టుకున్నాను. తొమ్మిదో రోజు సాయంత్రం మళ్ళీ అన్నీ వండి, వడ్డించి నిలబడ్డాను. కడుపు నిండుగా ఉందమ్మా అని ఆయన అనగానే నా నోరు ఆగలేదు.

"ఆమె చేతిది తాగుతావు, నా చేతిది తినవా నాయనా?"

అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నాయన ఆకును కొంచెం పక్కకు జరిపాడు. బడిలో తప్పు చెప్పిన పిల్లను తిట్టకుండా నచ్చజెప్పేటప్పటి గొంతు వచ్చింది.

"ఆమె నన్ను అడగలేదమ్మా. తాను తింటా తింటా, దప్పికయితాందా అని నాకింత పోసింది. నువ్వు దినమూ ఆకేసి తీర్పు అడుగుతాండావు. తింటే నువ్వు గెలిచినట్ల, తినకుంటే నేను గెలిచినట్ల. అట్ల నిలబడి నా మొగం చూస్తాంటే నాకు మింగుడు పడ్లేదు."

ఆ మాటలో నిజముందని అప్పుడే తెలిసింది. తెలిసినందుకే కోపం ఇంకా ఎక్కువైంది. ఆకు ఎత్తేశాను. గిన్నెలన్నీ తీసుకొని దడదడా మెట్లు దిగి, కింద ఇంటివాళ్ళ బర్రె కుడితి తొట్టిలో పప్పు, చారు, కూర, అన్నం అన్నీ గుమ్మరించాను. మళ్ళీ పైకి వచ్చాను. అత్త కుండ కనిపించింది. దాన్ని కూడా ఎత్తుకుపోయాను. అడుగున ఉన్న ముద్ద, పాత నీళ్ళు, అన్నీ తొట్టిలోకే. అంతటితో ఆగితే బాగుండు. పైకి తెచ్చి, వంటింటి కుళాయి కింద పెట్టి, గిన్నెలు తోమే సబ్బు వేసి, పీచుతో రుద్ది రుద్ది కడిగాను. మా అమ్మ బోర్లించినట్టు గట్టు మీద బోర్లించాను. మట్టి కుండకు సబ్బు పెట్టకూడదని చిన్నపిల్లకు కూడా తెలుసు. అది వాసన పీల్చుకుంటుంది, వదలదు.

అత్త గట్టు దగ్గరికి వచ్చి కుండను చూసింది. "కుండ వట్టిగా పండుకోకూడదు పాపా," అని మాత్రం మెల్లగా చెప్పి, పోయి పడుకుంది. ఆ పూట ఆమె కూడా తినలేదు.

మర్నాడు పొద్దున నాయన ఊరికి పోవాలి. అన్న వదినను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాడు, మగపిల్లవాడు. నేను ముఖం ముడుచుకొనే కంటిమందు చుక్కలు వేశాను, సంచి సర్దాను, చెంబు కడిగి లోపల పెట్టాను. ఆయన చెప్పులు వేసుకొని గడప దగ్గర నిలబడ్డాడు. పోలేదు. కంటి గుడ్డ సవరించుకున్నాడు. ఒకసారి వంటింటి వైపు చూశాడు.

"సద్ది ఏమన్నా ఉంటే ఇంత కట్టియ్యమ్మా. దారిలో తింటా."

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో గంట కూడా పట్టదు. ఆ దారికి ఎవరూ సద్ది కట్టుకోరు. ఆయనకూ తెలుసు. సద్ది అడిగేది ఆకలికి మాత్రమే కాదు. ఊరికి పోతూ మనిషి తన ఇంట్లో అడుగుతాడు, తన ఆడవాళ్ళను అడుగుతాడు. పన్నెండేళ్ళలో నాయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నేను వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడ గిన్నెలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. గట్టు మీద కుండ బోర్లించి ఉంది. ఇంట్లో ఒక్క మెతుకు లేదు.

ఇరవై నిమిషాలు ఉండు నాయనా, వండి కడతాను, అన్నాను. ఆయన బోర్లించిన కుండను చూశాడు. పోనీలేమ్మా, బస్సుకు టైమయింది అని మెట్లు దిగాడు. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. చెయ్యి పట్టుకుందామని వెనకే పోయాను, పట్టుకున్నాను, బస్సు ఎక్కించాను. బస్సు కదిలాక బస్టాండులో నిలబడి ఏడ్చాను. నా పక్కన కమలాపురం బస్సు కోసం నిలబడిన ఒకామె, పుట్టింటి నుంచి పోతాండావా అని అడిగింది. కాదన్నాను.

అత్త ఆ కుండతో చాలా తిప్పలు పడింది. మూడు రోజులు నీళ్ళలో నానబెట్టింది, ఎండలో ఆరబెట్టింది, గంజి కాచి పోసి పారబోసింది, మళ్ళీ పోసింది. మొదట వేసిన అన్నం పులవలేదు, సబ్బు వాసనతో పాడైంది. రెండోసారి కూడా అంతే. నేను కొత్త కుండ కొనుక్కొస్తానంటే వద్దంది. ఇదే దారికొస్తాది, తొందరపడొద్దు అంది. తొందర అన్న మాట కుండకు చెప్పిందో నాకు చెప్పిందో నేను అడగలేదు. రెండు వారాలు పోయాక ఒక సాయంత్రం గుడ్డ విప్పితే పుల్లటి వాసన వచ్చింది. ఇద్దరం ఒకేసారి వంగి వాసన చూశాం.

ఆ తర్వాత నేను సాయంత్రాలు వండడం మానేశాను. పొద్దున లేచి అన్నం, ఒక పప్పో కూరో చేసి పోతాను. రాత్రికి అదే. కూర మిగలకపోతే మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుంటాం. బొరుగులు ఉంటే నీళ్ళలో తడిపి పొద్దున్నే ఉగ్గాని తాలింపు వేసి ఉంచుతుంది అత్త. వండే పని పోయింది గానీ నా కుదురులేనితనం మాత్రం పోలేదు. పడుకునే ముందు కుండ గుడ్డ విప్పి ముద్ద ఉందా లేదా అని చూస్తాను. మళ్ళీ లేచి చూస్తాను. ఎలుక వచ్చి తింటుందా, చీమ పడుతుందా అని చూస్తాను. దాన్ని కాపలా కాయాల్సిన పని లేదని అత్త విసుక్కుంటుంది. నేను కాపలా కాస్తున్నది ముద్దను కాదని ఆమెకు తెలుసు.

నాయన రెండో కన్ను ఇంకా మిగిలే ఉంది. నెల అన్నది నెల దాటింది. ఫోన్ చేస్తే అన్నే ఎత్తేవాడు. నాయన బాగున్నాడు, మనవడిని ఒళ్ళో వేసుకొని కూర్చుంటున్నాడు అని చెప్పేవాడు. నాయనకు ఫోన్ ఇవ్వమని అడగడానికి నోరు వచ్చేది కాదు. ఆపరేషన్ ఇంకెక్కడైనా చేయించుకుంటాడేమో, ఇక నా మెట్లు ఎక్కడేమో అని దిగులు. రోళ్ళు పగిలే రోహిణి ఎండలు వచ్చేశాయి.

అప్పుడు ఒక సోమవారం ఆయనే ఫోన్ చేశాడు. మనవడి సంగతి చెప్పాడు. బుధవారం పొద్దున కంటికి రమ్మన్నారని, రేపు సాయంత్రం బస్సుకే బయలుదేరతానని చెప్పాడు. సరే నాయనా, బస్టాండుకు వస్తాను అన్నాను. ఆయన పెట్టేయలేదు. ఫోన్లో పసిపిల్లవాడి ఏడుపు వినిపిస్తోంది.

"కొత్తగా ఏమీ వండొద్దమ్మా. ఉండేదే పెట్టు."

మంగళవారం ఆఫీసు నుంచి వస్తూ అలవాటు కొద్దీ లేత వంకాయలు కొన్నాను. ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే వంటింట్లోకి పోయి, గిన్నెల మూతలు ఎత్తి చూశాను. పొద్దుటి పప్పు ఉంది. కుండలో అన్నం ఉంది. అత్త గడప దగ్గర కూర్చొని, చేతిలో ఎర్రగడ్డతో నన్నే చూస్తోంది. వంకాయలు తీసి బుట్టలో పడేశాను. ఆ పూట పొయ్యి వెలిగించకుండానే బస్టాండుకు పోయాను.